బొత్తాల డబ్బా

ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలున
బొగ్గుపొగ కింద, బడి వెనక గదిలో
గురువారం సాయంత్రం తొమ్మిదిమందిమి కూచుంటాం.
పిల్లల బల్లలు. మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.
అందరం మొన్నటిదాకా మందలున్నవాళ్ళమే.
ఆ చలికాలం గడ్డి మీద మంచు రాయైంది,
గొర్రెలు నిలబడ్డచోటే నిలబడి పోయాయి.
అది చెప్పుకోవడానికి కాదు ఈ గది.

నర్సు సరంగువా పెట్టిన నియమం ఒక్కటే:
నువ్వు బాగా చేసిన పని ఒకటి చెప్పు.
చెప్పాక "కానీ" అనకు.
అన్నావా, ఈ రేకు డబ్బాలో ఒక బొత్తాం వెయ్యి.

మొదటివారమే డబ్బా సగం నిండింది.

తొమ్మిదేళ్ళప్పుడు దుల్మా
మంచుతుఫానులో తమ్ముణ్ణి జీను ముందు కూచోబెట్టుకుని
ఇల్లు చేర్చిందట.
"కానీ, దారి తెలిసింది గుర్రానికి కదా."
టంగుమంది బొత్తాం.
"పగ్గం వదిలెయ్యాలని తెలిసింది ఎవరికి?"
అన్నాడు చొయ్‌జిల్, ఎప్పుడూ నోరు విప్పనివాడు.
దుల్మా చాలాసేపు తన అరచేతులు చూసుకుంది,
ఎవరివో ఎరువు తెచ్చుకున్నట్టు.

చొయ్‌జిల్ తన వంతుకి టీ పోశాడు.
తొమ్మిది గిన్నెలు, ఒక్క చుక్క ఒలకలేదు.
చివరికి అన్నాడు:
"మా ఆవిడ పోయేముందు నెల
రోజూ జుట్టు దువ్వాను.
చిక్కు తీస్తుంటే ఒక్కసారీ అబ్బా అనలేదు."
ఆ పూట డబ్బా మోగలేదు.

నా దగ్గర ఏమీ లేదన్నాను నేను.
మూడొందల పన్నెండు పోగొట్టుకుని
సంత పక్క పార్కింగులో కార్లు లెక్కపెట్టేవాడు
ఏం చెప్పుకుంటాడు?
ఐదు వారాలు ఉప్పు టీ తాగి ఇంటికెళ్ళాను.

ఆరోవారం ఎందుకో నోరు జారింది.
నేను గొర్రెల్ని ఏనాడూ లెక్కపెట్టలేదు,
పొద్దుగూకేవేళ మంద కొండ దిగుతుంటే చూసేవాణ్ణి, అంతే.
ఒకటి తక్కువైతే
పన్ను ఊడినచోట నాలుక తగిలినట్టు తగిలేది.
వెనక్కి వెళ్ళేవాణ్ణి.
రాళ్ళ సందునో వాగు ఒడ్డునో దొరికేది,
చంకన పెట్టుకొచ్చేవాణ్ణి.
"కానీ..." అన్నాను.
బొత్తాం కోసం జేబు తడుముకుంటుంటే
ల్హామ్‌జావ్ ముసల్ది, చెవులు సరిగ్గా వినపడనిది,
మోచేత్తో ఒక్క పోటు పొడిచింది:
"కానీ, కానీ! తర్వాతేమైంది?"
గదంతా నవ్వింది.
మాట ఒకటే.
నా నోట్లో అడ్డుకర్ర, ఆమె నోట్లో అదిలింపు.
నేను చెప్పుకుంటూ పోయాను,
చీకటి పడిందని ఎవరూ అనలేదు.

పై గురువారం ఆలస్యంగా వెళ్ళాను.
తలుపు తీశాను. ఎవర్నీ లెక్కపెట్టలేదు.
నాలుక ఖాళీకి తగిలింది.
"ఒకరు తక్కువ" అన్నాను.
బూట్ల మంచు దులుపుకోకుండానే వెనక్కి తిరిగాను.

మూడు సందులు పైకి. జారుడు.
ల్హామ్‌జావ్ గుడారం గొట్టంలో పొగ లేదు.
లోపల చల్లారిన పొయ్యి ముందు ఆమె,
ఒక కాలికే బూటు తొడుక్కుని.
"ఈ వారం చెప్పుకోటానికి ఏమీ దొరకలేదురా" అంది.

బొగ్గు రాజేశాను.
రెండో బూటు మంచం కింద దొరికింది, తొడిగాను.
అగ్గి అంటుకున్నాక తనే మొదలెట్టింది:
ఎప్పటిదో ఒక జడలబర్రె,
ఎవర్నీ దగ్గరికి రానివ్వని మొండిది,
చేపు రావాలంటే దాని మెడ మీద చెంప ఆనించి
ఊరికే నిలబడాలని కనిపెట్టిన పద్దెనిమిదేళ్ళ పిల్ల...
"కానీ" అని ఆగిపోయింది.

ఆమె చెవి దగ్గరికి వంగి
గట్టిగా అన్నాను:
"కానీ."